నడిమి గదికి ఏ వెలుగు?

ఉత్తర తెలంగాణ పాత పెంకుటిళ్లలో గూనపెంకుల మధ్య ఒక అద్దం పెంకు పెట్టేవారు. నడిమి అర్రలో సూదికి దారం ఎక్కించాలన్నా, బియ్యంలో రాళ్లు ఏరాలన్నా ఆ వెలుగే ఆధారం. కలిగినవాళ్ల భవంతి ఇళ్లకైతే నడుమ ఆకాశమే తెరిచి ఉండేది. ఇప్పుడు లక్సెట్టిపేట లాంటి ఊళ్లలోనూ స్లాబు ఇళ్లు గోడకు గోడ ఆనుకొని లేస్తున్నాయి. పట్టపగలు కూడా నడిమి గదిలో లైటు వేయక తప్పడం లేదు.

ఈ చీకటికి జవాబుగా వచ్చినవాటిలో ఆప్టికల్ ఫైబర్ అబ్బురమైనది. జపాన్‌లో కేయీ మోరి రూపొందించిన హిమావరి, ఆ తర్వాత స్వీడన్‌లో వచ్చిన పారన్స్ ఈ బాటలోవే. మిద్దె మీది కటకాలు సూర్యుడి వెంట తిరుగుతూ ఎండను సన్నని తీగల కొసకు చేరుస్తాయి. వెలుగు తీగ లోపలే పరావర్తనం చెందుతూ, మలుపులు తిరిగి కింది అంతస్తుకు దిగుతుంది. కటకం ఒక్కో రంగును ఒక్కో దూరంలో కూడదీస్తుంది. కంటికి కనిపించే వెలుగు కూడే చోట హిమావరిలో తీగ కొసను నిలపడంతో వేడి కిరణాలు చాలావరకు బయటే ఆగిపోతాయి. మే నెలలో 45 డిగ్రీలు చూసే మంచిర్యాల జిల్లాకు ఇది చిన్న సుగుణం కాదు. ఇక్కడ అద్దం పెంకు ఓడిపోతుంది, వెలుగుతో పాటు వేడినీ నెత్తిన పోస్తుంది.

మొగులు పట్టిన రోజు మాత్రం లెక్క తిరగబడుతుంది. నడినెత్తి ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటే, మబ్బు పట్టినా ఆరుబయట వేల లక్స్ వెలుగు మిగిలే ఉంటుంది. కానీ అది ఆకాశం నలుమూలల నుంచి వస్తుంది. ఒకే దిక్కు నుంచి వచ్చే కిరణాలను కూడగట్టే కటకం దాన్ని పట్టలేదు. అద్దం పెంకు పడుతుంది, దానికి మోటారూ అక్కర్లేదు.

ఈ రెంటి నడుమ నాకు నచ్చింది కాంతి గొట్టం. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ తోడ్పాటుతో వచ్చిన 'సూర్యజ్యోతి' ఆ తరహాదే: పైన అక్రిలిక్ గుమ్మటం, లోపల తళతళలాడే గొట్టం, కింద మరో గుమ్మటం. నేలమాళిగల్లోకి పగటి వెలుగు తెచ్చే పనికి హైదరాబాద్‌లోని స్కైషేడ్ డేలైట్స్‌కు 2022లో కేంద్ర టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు 5 కోట్ల రూపాయల రుణసాయం ప్రకటించింది.

నాలుగు అంతస్తుల కింద కిటికీ లేని ఆసుపత్రి గదికి ఫైబరే తగినది. ఒక్క స్లాబు కింద ఉన్న ఇంటికి, దుకాణానికి దాని ఖర్చు దండగ. ఇల్లు కట్టబోయేవారు స్లాబు పోయకముందే మేస్త్రీతో మాట్లాడి, నడిమి గది మీద గొట్టానికి జాగా వదిలించుకోండి.