ఒకే జబ్బు, రెండు పుస్తకాలు

గుంటూరు మెడికో, తెనాలి నర్సింగ్ విద్యార్థిని, బాపట్ల ఫార్మసీ కుర్రాడు ఒకే పుస్తకం చదివి మాట్లాడుకుంటే, రేపు రేపల్లె బండి దిగి వచ్చే రోగి దగ్గర కలిసి పనిచేస్తారా? చేస్తారనే నా నమ్మకం. చిక్కల్లా ఏ పుస్తకం అన్నదే.

మూర్ఛ మీద రెండున్నాయి. ఒకటి అమెరికాలో వైద్య విద్యార్థుల చేత తరచూ చదివించేది, ఆన్ ఫాడిమన్ 1997లో రాసిన ‘ది స్పిరిట్ క్యాచెస్ యూ అండ్ యూ ఫాల్ డౌన్’. రెండోది ఆలూరి భుజంగరావు ‘సాహిత్య బాటసారి శారద’. అచ్చంగా తెనాలిది.

ఫాడిమన్ కథ లియా లీ అనే పాపది. లావోస్ నుంచి కాలిఫోర్నియా చేరిన శరణార్థుల బిడ్డ. 1982లో మొదటిసారి ఆస్పత్రికి తెచ్చేసరికి ఫిట్స్ ఆగిపోయాయి. వాళ్ల భాష తెలిసినవాళ్లు లేరు. దగ్గు ఉంది కదా అని యాంపిసిల్లిన్ రాశారు. చదువురాని తల్లి చేత, సూచనలు అందాయని సంతకం పెట్టించుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు తిరక్కుండా మందుల చీటీ 23 సార్లు మారింది. తప్పెవరిదంటే డాక్టర్ల మీదికి తోసెయ్యడం తేలికే. కానీ ఆ డాక్టర్లు నిద్రాహారాలు మాని చూసినవాళ్లు. అసలు చర్చ చీటీ దగ్గర జరగాలి. డోసు మారిన ప్రతిసారీ ఆ తల్లికి చూపించి చెప్పాల్సింది డాక్టరా, నర్సా, మందులిచ్చే మనిషా?

అయితే ఆత్మ పట్టి పడిపోతారని నమ్మే ఆ తల్లిదండ్రుల గురించి మన పిల్లలు చదివి, ‘వాళ్లది మూఢనమ్మకం’ అని పుస్తకం మూసేసే ప్రమాదం ఉంది. ప్లాట్‌ఫాం మీద ఎవరికైనా ఫిట్స్ వస్తే గుప్పిట్లో తాళంచెవులు పెట్టేది మనమే కదా!

ఇక రెండో పుస్తకం రచయిత శారద కథ. అసలు పేరు నటరాజన్. తమిళుడు. తెనాలి హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చి ‘మంచీ చెడూ’, ‘ఏది సత్యం’ రాశాడు. మూర్ఛతో బాధపడుతూ, 1955లో ముప్పై దాటీ దాటకుండానే పోయాడు. భుజంగరావూ హోటల్ కార్మికుడే. ఫాడిమన్ విలేకరి, రెండు పక్షాలూ విని రాసింది. భుజంగరావు శారదకు స్నేహితుడు, ఒక పక్షమే రాశాడు. కట్టుదిట్టంలో ఫాడిమన్‌దే పైచేయి, అనుమానం లేదు. కానీ ఆమె పుస్తకంలో వైద్య బృందం సిద్ధంగా ఉంటుంది, మనం తప్పులు పడితే చాలు. శారద పక్కన బృందమే లేదు. పగలంతా చాకిరీ, రాత్రి నిద్ర మాని రాత. నిద్ర చాలకపోతే ఫిట్స్ పెరుగుతాయని నర్సింగ్ అమ్మాయికి తెలుసు. రోజుకూలికి మాత్రలు ఎన్నాళ్లు కొనగలడో ఫార్మసీ కుర్రాడు లెక్క కట్టగలడు. ఆ మనిషి ముందు ఎవరెక్కడ నిలబడాలో వాళ్లే తేల్చుకోవాలి.

అందుకే ముందు శారద, తర్వాత లియా. అధ్యాపకులకు ఒక్క విన్నపం: మెడికో ముందు నర్సింగ్ పిల్లలు నోరు విప్పరు. మొదటి మాట వాళ్లకే ఇవ్వండి.