అడిగేవారి చేతిలోనూ వాద్యం

రేడియోలో సంగీత విద్వాంసులతో జరిగే ముఖాముఖిలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. గురువు ఎవరు, మొదటి కచేరీ ఎక్కడ, వచ్చిన బిరుదులేమిటి అని అడుగుతారు. చివర ఒక పాట వేస్తారు. కళాకారుడి జీవితం కొంత తెలుస్తుంది గాని, ఆయన చేసే పని ఎలా చేస్తాడో తెలియదు. ఆ లోటు తీర్చిన మనిషి మేరియన్ మెక్‌పార్ట్‌లండ్. 1918లో ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో జాజ్ పియానిస్టుగా పేరు తెచ్చుకున్న ఆవిడ, 1978లో సౌత్ కరోలినా రేడియో కోసం ‘పియానో జాజ్’ కార్యక్రమం రికార్డింగు మొదలుపెట్టారు. స్టూడియోలో రెండు పియానోలు ఉండేవి. ఒకటి అతిథికి, రెండోది ఆవిడకు. ఆ రెండో పియానోలోనే ఉంది కిటుకంతా.

1978 నవంబరు 6న జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్‌తో రికార్డు చేసిన గంట వినండి. పదబంధాలను తాళానికి అటూ ఇటూ జరిపి వాయించడం గురించి ఎవాన్స్ చెబుతాడు. మన అతీత, అనాగత ఎడుపులు తెలిసినవారికి ఆ సంగతి చప్పున అందుతుంది. నోటితో చెబితే అది శాస్త్రపాఠమయ్యేది. పియానో ముందే కూర్చున్నాడు కనుక వాయించి చూపించాడు. ‘ద టచ్ ఆఫ్ యువర్ లిప్స్’ దగ్గర ఇంకా బాగుంటుంది. ముందు ఆ పాట అస్థిపంజరాన్ని ఒంటిగా వినిపించి, ఆ పైన దానికి కండ పడుతున్న తీరు చూపిస్తాడు. స్వేచ్ఛగా వాయించాలంటే కింద ఉన్న కట్టడం క్షుణ్ణంగా తెలిసి ఉండాలని ఆయన నమ్మకం. అది మనకు చెవితోనే బోధపడుతుంది.

ఇంతలో మేరియన్ ఏం చేస్తున్నారు? తోటి పియానిస్టుగా వింటున్నారు. ఆవిడ ప్రశ్న కాగితం మీంచి రాదు, అప్పుడే విన్న స్వరం మీంచి వస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి వాయిస్తారు. రెండు పియానోలు ఒకేసారి మోగితే సందడై ఊరుకునే ప్రమాదం ఉంది. తన విద్య చూపించుకోవాలన్న తాపత్రయం లేకుండా ఆవిడ చోటు వదులుతారు. పియానో వాయించడం కన్నా కష్టమైన విద్య అదే అంటాను. రెండేళ్ళు తిరగకుండానే, 1980 సెప్టెంబరులో ఎవాన్స్ పోయాడు. ఆ గంట మిగిలింది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పొట్ట చేతబట్టుకుని బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చిన మన పెద్దలకు బుర్రకథ తెలుసు, ఇక్కడ పుట్టిన పిల్లలకు భారతకథలు పాడి చెప్పే పండవానీ తెలుసు. పండవానీ కథకురాలు తీజన్ బాయి తంబూరాను భీముడి గదలా ఎత్తి కథ చెబుతుంటే పక్కనుండే రాగీ ఊఁ కొడతాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు, కథను ముందుకు తోస్తాడు. మన బుర్రకథలో వంతలాగే అతనూ పాటలో భాగస్థుడు. మేరియన్ చేసింది అచ్చంగా రాగీ పని. ముప్పై ఏళ్ళకు పైగా, 700కు మించిన కార్యక్రమాల్లో చేశారు. మన వివిధభారతి ‘సంగీత్ సరితా’ కూడా విద్వాంసులచేత పాడిస్తూ రాగం విప్పి చెప్పించింది. దానికి దొరికిన వ్యవధి పావుగంటే.

భర్తృహరి, పింగళ కథను ఛత్తీస్‌గఢీలో పాడే భర్తరీకి ఈ బిలాస్‌పూర్‌లోనే సూరుజ్‌బాయి ఖాండే గొంతు ఇచ్చింది. 2018లో ఆమె కన్నుమూసింది. ఆ గానం నేర్చినవారు, పండవానీ కథకులు ఇంకా ఉన్నారు. బిలాస్‌పూర్ ఆకాశవాణి వారికి నా మనవి ఒక్కటే. వాళ్ళను స్టూడియోకు పిలిచినప్పుడు ఎదుటి కుర్చీలో ప్రశ్నల కాగితం పట్టుకున్న ఉద్యోగిని కాకుండా, ఊఁ కొట్టగల రాగీని కూర్చోబెట్టండి. పాట మధ్యలో ఆపి అడగనివ్వండి, అదే చరణాన్ని మళ్ళీ పాడించనివ్వండి, ఆ టేపును భద్రంగా దాచండి.