ముగ్గురు ఇందిరలు

మనోవిశ్లేషణాత్మకమని పేరుబడ్డ రెండు తెలుగు నవలలు 1940ల నడిమి సంవత్సరాల్లో దాదాపు ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. ఒకటి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రెండవది బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. రెంటిలోనూ నాయకుడు లోలోపల కుంగిపోయిన మనిషి. రెంటిలోనూ అతని భార్య పేరు ఇందిర. పేర్లు కలవడం కాకతాళీయమే కావచ్చు. కాని సీతారామారావును గురించీ దయానిధిని గురించీ ఇన్ని దశాబ్దాలుగా ఎంతో చర్చించిన మన విమర్శ, ఆ ఇద్దరు ఇందిరలను గురించి మాట్లాడింది చాలా తక్కువ. ఇది మాత్రం కాకతాళీయం కాదు.

సీతారామారావును విమర్శకులు ఎట్లా అర్థం చేసుకున్నారు? అభ్యుదయ విమర్శలో బలంగా వినిపించిన వాదం ఇది: అతడు పతనమవుతున్న భూస్వామ్య కుటుంబానికి ప్రతినిధి. వంశప్రతిష్ఠను నిలబెట్టమని తండ్రి చివరి ఘడియల్లో చెప్పిన మాటను పట్టుకుని ఆస్తి పోగొట్టుకున్నాడు. ఆస్తి పోయిన తరువాత కాయకష్టం చేయడానికి అహం అడ్డు వచ్చింది. కనుక అతని నిర్వేదం వర్గపతన ఫలితం. ఈ వాదంలో సత్యముంది. పాత విలువలు కూలి, కొత్త విలువలు అలవడని సంధికాలంలో వ్యక్తి ఎట్లా చితికిపోతాడో గోపీచంద్ చూపినంత నిర్దాక్షిణ్యంగా చూపినవారు తక్కువ.

ఐతే ఈ వాదం ఒక ప్రశ్నకు జవాబు చెప్పదు. ఆ సంధికాలంలో ఆస్తి పోగొట్టుకున్నవాళ్ళు వేలమంది. వాళ్ళంతా శ్మశానానికి వెళ్ళి తమను తాము హింసించుకుని చావలేదు. సాంఘిక కారణం మనిషిని చేరేది అతని శరీరం గుండా, నరాల గుండా, బాల్యం గుండా, ఇంటి గుండా. ఈ మధ్య దశలను వదిలివేసి వర్గానికీ విషాదానికీ నేరుగా గీత గీస్తే అది శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. పని మీద ఆసక్తి నశించడం, తన మీద తనకే రోత, ఏ నిర్ణయమూ తీసుకోలేకపోవడం, అకారణమైన చిరాకు, చావును గురించిన ఆలోచన – వైద్యులు కుంగుబాటు వ్యాధి లక్షణాలుగా చెప్పేవాటిలో ఇవి ముఖ్యమైనవి. నవలలో పాత్రకు రోగనిర్ణయం చేయడం విమర్శకుడి పని కాదు. కాని రోగలక్షణాన్ని సోమరితనమని పిలవడమూ అతని పని కాదు.

ఇక ఇంటి విషయానికి వద్దాం. సీతారామారావు కుంగిన కొద్దీ ఆ బరువు ఇందిర మీద పడుతుంది. విసుగు, మౌనం, అనుమానం, చివరికి దెబ్బలు. కూతురికీ ఆ దెబ్బలు తప్పవు. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. కుంగుబాటు మనిషి చేత చిరాకు పడేటట్టు చేస్తుంది. పురుషులలో అది చాలాసార్లు దుఃఖంగా కాక కోపంగానే పైకి వస్తుంది. కాని భార్య మీద చెయ్యి ఎత్తవచ్చుననే అధికారాన్ని ఇచ్చింది జబ్బు కాదు, పురుషాధిక్య సమాజం. ఇదే జబ్బుతో బాధపడుతూ ఎవరినీ పల్లెత్తు మాట అననివాళ్ళు ఎంతమందో ఉన్నారు. కనుక సీతారామారావు బాధను అర్థం చేసుకోవడానికి అతని చేతిని క్షమించనక్కరలేదు. ఇందిర పక్షాన నిలబడడానికి అతని బాధను కొట్టివేయనూ అక్కరలేదు.

గోపీచంద్ కథను దాదాపుగా సీతారామారావు మనస్సు లోపలి నుంచే నడిపాడు. నవలకు బలం అదే, పరిమితీ అదే. భర్త ఆలోచనల సుడిగుండాన్ని మనం అణువణువూ చూస్తాం. ఆ సుడిగుండం పక్కనే నిలబడి వంట చేసిన మనిషి ఏమనుకుంటున్నదో మనకు అందేది తక్కువ. కూతురి మనస్సు అంతకంటె తక్కువ. నాన్న ఎందుకు పలకడంలేదో తెలియని పిల్ల, తప్పు తనదేననుకుంటుంది. అటువంటి ఇళ్ళలో పెరిగిన పిల్లలలో ఇది సర్వసాధారణం.

రెండవ ఇందిర స్థితి ఇంకా విచిత్రమైనది. తల్లిని గురించి లోకం వేసిన నింద దయానిధిని జీవితమంతా వెంటాడుతుంది. కోమలి, అమృతం వంటి స్త్రీలలో అతడు వెతికేది ఆ గాయానికి మందునే. ఐతే పెళ్ళాడిన ఇందిర క్షయతో చనిపోతుంది. ఆమె రోగానికి పేరుంది. దయానిధి స్వయంగా డాక్టరు. అతని రోగానికి మాత్రం పేరు లేదు. అది తత్త్వచింతనగా, ఏకాంతంగా, జీవిత రహస్యాన్వేషణగా కనిపిస్తుంది. శరీరానికి వచ్చిన జబ్బు జబ్బు, మగవాడి మనస్సుకు వచ్చిన జబ్బు దర్శనం! బుచ్చిబాబు శిల్పాన్ని ఎంత మెచ్చుకున్నా, ఈ తేడాను గమనించకుండా ఉండలేం.

పట్టణ మధ్యతరగతి ఇంటికి వస్తే రావిశాస్త్రి ‘అల్పజీవి’ దొరుకుతుంది. సుబ్బయ్య గుమాస్తా. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, బావమరిది ముందు భయం. అతని పిరికితనం పుట్టుకతో వచ్చిన గుణం కాదనీ, బలవంతుడు బలహీనుణ్ణి నొక్కే వ్యవస్థ రోజూ తయారుచేసే సరుకనీ రావిశాస్త్రి చూపాడు. మనోవిశ్లేషణా వాస్తవికతా పరస్పర విరోధులనే వాదానికి ‘అల్పజీవి’ గట్టి సమాధానం.

మూడవ ఇందిర డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఉన్నది. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికంగా వెలువడిన నవల ఇది. ఈ ఇందిర ఉద్యోగం చేస్తూ తండ్రి భారాన్ని మోస్తున్న యువతి. ఆ తండ్రిది కుంగుబాటు అని నవల అనదు; మనమూ అనవద్దు. కాని కుటుంబంలో ఒకరు కూలబడితే ఆ బరువు ఎవరి భుజం మీదికి వస్తుందో, మోసే మనిషికి కోపమూ కోరికా స్వార్థమూ ఎందుకు ఉండకూడదో అడిగిన నవల ఇది. మొదటి ఇద్దరు ఇందిరలూ భరించారు. మూడవ ఇందిర నోరు విప్పింది. కలం స్త్రీ చేతికి రావడంతో కథ చెప్పే చోటు మారింది.

ఇదంతా పాత నవలల ముచ్చట కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో వయోజనులలో ఇంచుమించు 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనయ్యారు. వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదు. మందులు, మాటలతో చేసే చికిత్స, రెండూ ఉన్నాయి, చాలామందికి గుణమిస్తాయి. ఐనా జబ్బును జబ్బని గుర్తించడానికే ఇళ్ళలో ఏళ్ళు పడుతుంది. ఈలోగా ‘బద్ధకం’, ‘గ్రహపాటు’, ‘పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది’ అనే మూడు తీర్పులు వెలువడతాయి. మూడవ తీర్పుకు బలి అయ్యేది మరో ఇందిర. ఇక స్త్రీకే ఈ జబ్బు వస్తే పొయ్యి దగ్గర సెలవు దొరకదు. పురుషులకంటె స్త్రీలలోనే ఇది ఎక్కువన్న సంగతి తెలిసినా మన నవలలో కుంగిన నాయకుడే ప్రసిద్ధుడు.

అప్పుల వల్ల రైతు ప్రాణం తీసుకుంటే మనం ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తాం. ప్రశ్నించవలసిందే. కాని అతడు అన్నం మానేసి, నిద్రపోక, గోడవైపు తిరిగి పడుకున్న నెలల్లో ఆ ఇంటికి ఎవరు వెళ్ళారు? వ్యవస్థ మారితే ఈ బాధలు చాలావరకు తగ్గుతాయనడం నిజం. వ్యవస్థ మారేదాకా రోగి ఆగాలనడం అన్యాయం. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవాడిగా భావించాలనీ, అతణ్ణి శిక్షించరాదనీ, ప్రభుత్వం చికిత్స కల్పించాలనీ చెప్పింది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నెంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. చట్టాన్ని జిల్లా ఆసుపత్రిదాకా తీసుకురావడానికి పోరాడడం అభ్యుదయవాదుల కార్యక్రమంలో భాగం కావాలి.

రచయితలను మనం అడగవలసింది ఇది. కుంగిన మనిషిని ఎగతాళి చెయ్యకుండా, దార్శనికుణ్ణీ చెయ్యకుండా చూపండి. కథను ఒక్కసారి వంటింటి గుమ్మం నుంచి, పిల్ల పలక పక్క నుంచి నడపండి. ఆసుపత్రికి వెళ్ళిన వాళ్ళను, కోలుకున్న వాళ్ళను కూడా చూపండి; బాగుపడడం కథావస్తువుకు తక్కువైనదేమీ కాదు. అధ్యాపకులు తరగతిలో ‘అసమర్థుని జీవయాత్ర’ను బోధించేటప్పుడు సీతారామారావు ఎందుకు చచ్చిపోయాడన్న ప్రశ్నతో ఆపకుండా, మర్నాడు ఇందిర ఏమి చేసి ఉంటుందని విద్యార్థులను అడగాలి. ఆ పిల్లను పెట్టుకుని ఆమె ఎక్కడికి వెళ్ళి ఉంటుంది, ఎవరు తలుపు తీసి ఉంటారు? ఆ జవాబు కోసం వాళ్ళు నవలను మళ్ళీ మొదటి పుట నుంచి చదవవలసి వస్తుంది.