పటంలోని మేనిఛాయ: ఛాయాచిత్రం నుండి వర్ణచిత్రానికి

ముండ్లమూరు పరిసర గ్రామాల ఇళ్లలో గతించిన పెద్దల రంగు పటాలు పూలదండలతో కనిపిస్తాయి. చాలావాటికి మూలం పాత ఓటరు కార్డుపైని చిన్న నలుపు తెలుపు ఫొటోయే. అది చిత్రకారునికి ముఖరేఖలను, వెలుగునీడలను ఇస్తుంది, మేనిఛాయను ఇవ్వదు. అది ఇంటివారి జ్ఞాపకం నుండి రావాలి.

ఫొటోకు రంగులద్దడం కొత్త కాదు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ (1844–1905) కాలంలోనే, గుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై ముద్రించిన ఛాయాచిత్రాలకు రంగులు వేసే పద్ధతి దేశంలో ఉంది. పలుచని నీటిరంగు కింద ఫొటో కనిపిస్తూనే ఉంటుంది. చిక్కని రంగు దానిని పూర్తిగా కప్పేస్తుంది. అక్కడ కుంచెకు స్వేచ్ఛ ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. పెన్సిల్ గళ్లతో ఫొటోను పెంచి తైలవర్ణాలతో గీసే నేటి పటానిదీ ఇదే స్థితి.

నా ఆక్షేపణ ఇక్కడే. ఎండలో పొగాకు, మిరప చేలలో పనిచేసిన స్త్రీ ముఖం పటంలో గులాబీ ఛాయకు మారుతోంది. ఇది గౌరవసూచకమని కొందరి వాదన. ఇంటివారే కోరి ఉండవచ్చు కూడా. అయితే చామనఛాయను సాధించడం శ్రమతో కూడిన పని: ఎర్రమట్టి రంగు, పసుపు, నీడలకు కాస్త నీలం కలపాలి. తెలుపు కలపడం సులువు.

ఒక ఇంట్లో అటువంటి పటంలో మనుమరాలు నాయనమ్మను పోల్చుకోలేకపోయింది. మాసిన కార్డును చూపగానే గుర్తుపట్టింది.