మాడర్ల అభిరుచీ, కంపెనీ ఇచ్చిన గొంతూ

రెండేళ్ల క్రితం, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు తన కంప్యూటరు పట్టుకుని మా ఇంటికి వచ్చి, తాను చేసిన పని ఒకటి చూడమన్నాడు. స్కైరిమ్ అనే ఆటలో విండ్‌హెల్మ్ అనే నగరం ఉంది. ఆ నగరం రేవులో ఆర్గోనియన్లు అనే బల్లిరూపపు మనుషులు కూలిపని చేస్తారు. వాళ్లకు నగరం గోడల లోపల నివసించే హక్కు లేదు. కూలీ కూడా తక్కినవాళ్లకంటే బాగా తక్కువ. ఆటలో వాళ్ల గురించి ఒక చిన్న ఘట్టం ఉంది: ఆడేవాడు పోయి రేవు యజమానికి నచ్చజెపితే వాళ్ల కూలీ పెరుగుతుంది. మా కుర్రాడికి ఇది రుచించలేదు. యజమాని దయవల్ల కాక, కూలీల సమ్మెవల్ల కూలీ పెరిగేటట్టు కథను మార్చాడు. నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేశాడు. దాన్ని పదిమంది కూడా తీసుకోలేదు. తరవాత అదే ఆటలో సెరానా అనే పాత్రకు కొత్త దుస్తులు చేసి పెట్టాడు. అది నాలుగు రోజుల పని. వేలమంది తీసుకున్నారు.

ఇది విని నేను ఉపన్యాసం ఇచ్చాను. పెట్టుబడిదారీ సంస్కృతి ప్రజల అభిరుచిని ఎలా పాడుచేస్తుందో చెప్పాను. అతను ఓపికగా విని, "అదంతా నిజమే కావచ్చు మాస్టారూ. కాని మీరు ముందు ఆ కూలీలచేత ఒక్క కొత్త మాట మాట్లాడించి చూపించండి" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. దానికోసం వెతుక్కోగా తేలిన సంగతులే ఈ వ్యాసం.

ఆట కొనుక్కున్నవాళ్లే దానిలో మార్పులూ చేర్పులూ చేసి ఇతరులకు పంచిపెట్టేదాన్ని మాడ్ అంటారు. చేసేవాళ్లు మాడర్లు. ఇది పిల్లచేష్ట అని తీసిపారెయ్యటానికి వీల్లేదు. కౌంటర్-స్ట్రైక్ అనే ఆట 1999లో హాఫ్-లైఫ్ అనే ఆటకు మాడ్‌గానే పుట్టింది. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని తన సరుకుగా అమ్మకానికి పెట్టింది. బెథెస్డా కంపెనీ స్కైరిమ్‌ను 2011 నవంబరులో విడుదల చేసి, 2012లో క్రియేషన్ కిట్ అనే పనిముట్టును ఆడేవాళ్ల చేతికి ఇచ్చింది. అప్పటినించీ మాడర్లు ఆ ఆటను తిరగరాస్తూనే ఉన్నారు. జీతం లేకుండా, సరదాకొద్దీ ఇంతమంది కథలు తిరగరాస్తూంటే ఆ పని సాహిత్య విమర్శకు పట్టకపోవటం మన లోపమే అవుతుంది.

అయితే ఈ తిరగరాతలో ఒక చిత్రం ఉంది. ఆటలో వందల పాత్రలున్నా మాడర్ల శ్రమ లిడియా, సెరానా వంటి కొద్దిమంది చుట్టూ మూగుతుంది. తొమ్మిది రాజధానులుండగా వైట్‌రన్ మీద పడినంత శ్రమ మోర్థల్ మీదా వింటర్‌హోల్డ్ మీదా పడదు. ఎందుకని?

దీనికి రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. "బాగున్నవాటినే జనం మెచ్చుకుంటారు, అందులో వింతేముంది?" అనేది మొదటిది. "మార్కెట్టు జనం అభిరుచిని చెడగొట్టింది" అనేది రెండోది, అంటే మనది. ఈ రెండూ ఒకదాన్నొకటి తిట్టుకుంటాయిగాని రెంటిలోనూ ఒకే లోపం ఉంది. రెండూ మాడర్ మనసులోకి తొంగిచూస్తాయి, అతని పనిముట్లను చూడవు. నేతగాడు ఈ రంగే ఎందుకు నేస్తున్నాడని అడిగేవాడు ముందు అతనికి ఏ నూలు దొరికిందో చూడవద్దూ?

మొదట దారి సంగతి చూద్దాం. స్కైరిమ్ మొదలుకాగానే కథ ఆడేవాణ్ణి రివర్‌వుడ్ అనే పల్లె మీదుగా వైట్‌రన్‌కు పంపిస్తుంది. ఆ నగరం దేశానికి నడిమధ్యన ఉంది. మొదటి డ్రాగన్‌ను చంపటం దాని పొలిమేరలో. ఆ నగరాధిపతి లిడియాను ఆడేవాడికి అంగరక్షకురాలిగా ఇచ్చేదీ అక్కడే. ఆటను నెలలతరబడి ఆడేవాడూ, రెండు రోజులాడి మానేసేవాడూ కూడా వైట్‌రన్‌ను చూస్తారు. వింటర్‌హోల్డ్ దాకా అందరూ పోరు. పోయినా అక్కడ కనిపించేవి కూలిపోగా మిగిలిన నాలుగైదు కట్టడాలు. అసలు తొమ్మిది రాజధానుల్లో గోడలతో నగరాలుగా కట్టినవి అయిదే. మిగతా నాలుగూ పేరుకు రాజధానులు, చూపుకు పల్లెలు. మాడర్ తన దుకాణాన్ని నలుగురూ నడిచే వీధిలో పెట్టుకుంటాడు. ఆ వీధి వేసింది మాత్రం అతను కాదు.

రెండోది గొంతు. మా కుర్రాడు నా నోరు మూయించింది ఇక్కడే. ఈ ఆటలో పాత్రల మాటలన్నీ నటులచేత చెప్పించి రికార్డు చేసినవి. నటులు డెబ్బైమందికి పైబడి ఉన్నా పాత్రలు అంతకు ఎన్నోరెట్లు. అంచేత కంపెనీవాళ్లు గొంతులను రకాలుగా విభజించి, ఒక్కొక్క రకాన్ని అనేక పాత్రలకు పంచారు. ఆడేవాడి వెంట నడిచే అనుచరుల మాటలు కొన్ని రకాల గొంతుల్లోనే రికార్డయినాయి. పెళ్లి మాటలూ అంతే. కొత్త అనుచరుణ్ణి తయారుచెయ్యదలచిన మాడర్ ఆ కొన్నిటిలోనుంచే గొంతు ఏరుకోవాలి. లేదా పాత మాటలను ముక్కలుగా కోసి అతికించుకోవాలి. లిడియాకు ఆ గొంతు ఉంది. 2012లో డాన్‌గార్డ్ అనే అనుబంధంతో వచ్చిన సెరానాకు లారా బెయిలీ అనే నటి ప్రత్యేకంగా గొంతు ఇచ్చింది. సెరానా తల్లిదండ్రుల కలహం కథకు కేంద్రం. ఆమె వెంట నడుస్తుంది, కబుర్లు చెబుతుంది, ఊరికే నిలబడక అక్కడున్న వస్తువులతో ఏదో పని చేసుకుంటుంది. రేవు కూలీకి ఉన్నవి ఏవో కొద్ది మాటలు. సమ్మె చేస్తామనే మాట వాటిలో లేదు. లేని మాటను పలికించటం ఎలా? మా కుర్రాడి కూలీలు పెదవి కదపకుండా, తెరమీద అక్షరాలు చూపించి సమ్మె చేశారు. జనం దాన్ని తీసుకోకపోవటంలో ఆశ్చర్యమేముంది?

ఇక్కడ మన సాహిత్యంతో పోల్చి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబుకవధ రాశాడు. ఓల్గా తన విముక్త కథల్లో శూర్పణఖనూ అహల్యనూ రేణుకనూ ఊర్మిళనూ కొత్తగా మాట్లాడించింది. పాతకథ మూలన పడేసిన మనిషిని తెచ్చి నడుమ నిలబెట్టటానికి వాళ్లకు ధైర్యం కావలసివచ్చింది, ప్రతిభ కావలసివచ్చింది. కాని ఊర్మిళకు గొంతు ఇవ్వటానికి వాల్మీకి దగ్గర రికార్డింగు అడగవలసిన అవసరం రాలేదు. కాగితం మీద అందరి గొంతుకూ వెల ఒకటే. మాడర్ పని అలాకాదు. కంపెనీ ఎవరిచేత ఎంత మాట్లాడించిందో అంతవరకూ అతనికి తిరగరాత సులభం. ఆ గీత దాటితే ప్రతి మాటకూ మనిషిని వెతకాలి.

మూడోది శరీరం. బల్లి మనిషి తల ఆకారం వేరు. మనిషి తలకు చేసిన శిరస్త్రాణం అతనికి పట్టదు. పిల్లిరూపులైన ఖాజీట్లకూ అంతే. వాళ్లకోసం వేరే ఆకారం చెయ్యాలి. అంటే ఒకే వస్తువుకు రెండింతలు, మూడింతలు పని. మానవస్త్రీ శరీరానికి అలాకాదు. దానికి ఎందరో మాడర్లు ఏళ్లతరబడి తయారుచేసిన అచ్చులు సిద్ధంగా ఉన్నాయి. కొత్త దుస్తులు చేసేవాడు వాటిమీద వేసి కొలత సరిచూసుకుంటే సరిపోతుంది. ఈ అచ్చులు స్త్రీలకే ఇంత సమృద్ధిగా తయారుకావటంలో మగచూపు లేదని నేననను. ఉంది, బాహాటంగానే ఉంది. కాని ఆ చూపు ఒకసారి అచ్చుగా, పనిముట్టుగా మారిపోయాక, ఆ చూపు లేనివాడు కూడా దాన్నే వాడతాడు. ఎందుకంటే పని తేలిక. కోరిక పరికరంగా గడ్డకట్టడం అంటే ఇదే.

నాలుగోది రద్దీ. ఒకే స్థలాన్ని ఇద్దరు మాడర్లు మార్చితే ఆ మార్పులు ఢీకొంటాయి. వరసలో చివర వచ్చినవాడి మార్పే నిలుస్తుంది. అలాగైతే మాడర్లు కిక్కిరిసిన వైట్‌రన్‌ను వదిలి ఖాళీగా ఉన్న మోర్థల్‌కు పోవాలి కదా! కాని పోరు. రద్దీ ఉన్నచోటనే రెండు మాడ్‌లను కలిపే అతుకులు తయారవుతాయి, ఏది దేనితో ఢీకొంటుందో చెప్పే అనుభవజ్ఞులుంటారు. శ్రమ పేరుకున్నచోటికే కొత్త శ్రమ వస్తుంది. దారీ గొంతూ శరీరమూ కంపెనీ మొదట పంచిన సంపద. ఆ మొదటి పంపకంలోని అసమానతను రద్దీ మరింత పెంచుతుంది.

ఇంతవరకూ చదివిన మిత్రులు కొందరు, "అంటే అంతా పనిముట్లే నిర్ణయిస్తాయా? మనిషి చేసేదేమీ లేదా?" అని అడుగుతారు. లేదంటే అది యాంత్రిక భౌతికవాదం అవుతుంది, పైగా అబద్ధమవుతుంది. స్కైరిమ్ మాడ్‌లలో ఎంతో ఆదరం పొందిన అనుచరుల్లో ఇనిగో ఒకడు. అతను పిల్లిరూపు ఖాజీట్. పైన చెప్పిన లెక్కప్రకారం అతనికి ఆదరణ దొరకకూడదు. దొరికింది. కారణమేమంటే అతన్ని సృష్టించిన మాడర్ కంపెనీ గొంతు కోసం చూడకుండా, వేల మాటలు రాసి తానే పలికాడు. ఇంట్రెస్టింగ్ ఎన్‌పీసీస్ అనే మాడ్‌లో స్వచ్ఛందంగా గొంతు ఇచ్చినవారి సాయంతో రెండు వందలకు పైగా కొత్త పాత్రలు మాట్లాడతాయి. 2017లో బియాండ్ స్కైరిమ్ అనే బృందం కంపెనీ ఈ ఆటలో కట్టని బ్రూమా నగరాన్నీ, చుట్టుపక్కల సీమనూ కట్టి, అక్కడి మనుషులకు గొంతులు ఇచ్చింది. 2024లో వచ్చిన ఫాల్అవుట్: లండన్ మరొక దేశాన్నే నిర్మించింది. వీటిలో ఏదీ ఉపన్యాసం విని అభిరుచి బాగుపడ్డవాళ్లు చేసింది కాదు. గొంతు లేనిచోట గొంతు సమకూర్చుకున్నవాళ్లు చేసింది. చాలావరకు పదిమంది కలిసి చేసింది. జనం వీటిని ఆదరించారు. కాబట్టి జనానికి కొత్తవి అక్కర్లేదనటం చెల్లదు.

ఈ శ్రమ ఫలం ఎవరికి పోతున్నదో కూడా చూడాలి. 2015 ఏప్రిల్‌లో వాల్వ్, బెథెస్డా కంపెనీలు స్కైరిమ్ మాడ్‌లను అమ్మే ఏర్పాటు చేశాయి. అమ్మకంలో మాడర్‌కు నూటికి 25 వంతులు. మిగిలిన 75 రెండు కంపెనీలవి. ఆడేవాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. కొద్దిరోజుల్లోనే ఆ ఏర్పాటును రద్దుచేశారు. కాని అమ్మకం లేనప్పుడు కూడా లెక్క పూర్తిగా మారదు. అదే ఆటను బెథెస్డా 2016లోనూ 2021లోనూ కొత్త పేర్లతో మళ్లీ అమ్మింది. అన్నేళ్లపాటు ఆ ఆట పాతబడకుండా కాపాడినవాళ్లలో మాడర్లున్నారు. సెరానాకు ఒకడు కొత్త దుస్తులు కుట్టినప్పుడల్లా సెరానా విలువ పెరుగుతుంది. సెరానా కంపెనీ ఆస్తి.

గొంతు కరువుకు ఈ మధ్య ఒక విరుగుడు వచ్చింది. నటుల పాత రికార్డులనుంచి యంత్రం వాళ్ల గొంతును అనుకరిస్తుంది. రాసిన మాటల్లా పలుకుతుంది. దీంతో రేవు కూలీలు కూడా సమ్మె గురించి మాట్లాడగలరు కదా అని నేను మొదట సంతోషించాను. కాని నటులు దీనిమీద అభ్యంతరం చెబుతున్నారు. తాము ఒప్పుకోని మాటలను, బూతులను సైతం, తమ గొంతుతో పలికిస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. గొంతు కూడా శ్రమే. కల్పిత కూలీకి న్యాయం చెయ్యటానికి నిజమైన కూలీ గొంతును అడగకుండా తీసుకోవటం మనం సమర్థించగల పని కాదు.

మన విమర్శకులకు ఒక అలవాటు ఉంది. జనం దేన్ని ఆదరించారో చూసి, వెంటనే వాళ్ల చైతన్యానికి మార్కులు వేస్తాం. నేనూ అదే చేశాను. అభిరుచిని విమర్శించవద్దని కాదు. సెరానా దుస్తుల వెనక ఉన్న చూపును తప్పకుండా విమర్శించాలి. కాని ఆ పని చెయ్యబోయేముందు దారి ఎవరు వేశారు, గొంతు ఎవరికి ఇచ్చారు, అచ్చు ఎవరి శరీరానికి సిద్ధంగా ఉంది అని అడగాలి. అడగకుండా ఇచ్చిన తీర్పు, నూలు దొరకని నేతగాణ్ణి సోమరి అని తిట్టటం వంటిది. ఇక గొంతు లేనివాడికి గొంతు కావాలంటే ఎవరో ఒకరు ముందుకు వచ్చి పలకాలి. దానికి సంఘం కావాలి.

మొన్న ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. కాలేజీ నాటకాల్లో వేషాలు వేసిన స్నేహితులను నలుగురిని పోగుచేశాడట. రేవు కూలీల మాటలన్నీ కొత్తగా రాసి, వాళ్లచేత పలికిస్తున్నాడట. ఒక ముసలి కూలీ వేషానికి మాత్రం మనిషి దొరకలేదనీ, నన్ను పలకమనీ అడిగాడు. నా ఇంగ్లీషు ఉచ్చారణ ఆ దేశపువాళ్లకు అర్థమవుతుందా అని సందేహించాను. "బల్లి మనుషులు ఎలా పలుకుతారో ఎవరు చూశారు మాస్టారూ" అన్నాడు. పై ఆదివారం రికార్డింగు. నాకు ఇచ్చింది పదకొండు మాటలు. రోజూ వల్లెవేస్తున్నాను.