ఈ యేడు చదివిన పుస్తకాలు: మాట ఎవరిది?

ఏడాది తిరిగేసరికి తాము చదివిన పుస్తకాలను నెమరువేసుకొని, నచ్చినవాటిని ఏరి చెప్పడం సాహిత్యపరులలో ఒక ఆనవాయితీ. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఒకరికి మామిడిపండు నచ్చుతుంది, మరొకరికి పనసతొన నచ్చుతుంది. కారణమేమని ఎవరూ నిలదీయరు. పుస్తకం అటువంటిది కాదు. ఫలానా నవల నాకు నచ్చిందని అన్నప్పుడు, నేను ఎవరి పక్షాన నిలబడి దానిని చదివానో కూడా చెప్పినట్లే అవుతుంది. కనుక నచ్చిన పుస్తకాల పేర్లతోపాటు వాటిని ఏ కొలబద్దతో కొలిచానో కూడా చెప్పడం అవసరం.

మన విమర్శలో విరివిగా వాడుకలో ఉన్న కొలబద్ద వస్తువు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుండి "ఇందులోని వస్తువు అభ్యుదయకరమా, కాదా?" అని అడుగుతూ వచ్చాము. ఆ ప్రశ్న అవసరమైనదే. దానివల్లనే రాజుల శృంగారం వెనుకకు పోయి, రైతు పొలం, కూలివాని గుడిసె సాహిత్యంలోకి వచ్చినవి. అయితే అది ఒక్కటే చాలదు. పీడితుని గురించి వ్రాసినదంతా పీడితుని మాట కాదు. ఈ యేడు చదివిన పుస్తకాలలో కొన్నింటిని పక్కపక్కన పెట్టి చూచినప్పుడు మరొక ప్రశ్న నా ముందుకు వచ్చింది: ఈ పుస్తకంలో మాట్లాడుతున్నది ఎవరు?

ఈ పుస్తకాలలో అధికభాగం నాకు ఆబిడ్స్‌లో దొరికినవి. ఆదివారంనాడు దుకాణాలు మూతబడినప్పుడు వాటి మెట్ల ముందు, కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచుకుంటాయి. ఇంజనీరింగు పోటీపరీక్షల పుస్తకాల కట్టల నడుమ ఏ పదవీ విరమణ చేసిన పంతులుగారి బీరువాలోనుండి వచ్చినవో, పేరు, తేదీ వ్రాసిన తెలుగు నవలలు కన్పిస్తాయి. వాటి పక్కనే ఉర్దూ కవిత్వం, ఇంగ్లీషు చరిత్ర. అక్కడికి దగ్గరలోనే, తిలక్ రోడ్డులో, 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు ఉన్నది. ఇటు నాంపల్లి వైపు నడిస్తే పబ్లిక్ గార్డెన్స్. చిరకాలం తెలుగు విశ్వవిద్యాలయం నడిచినది అక్కడే. ఒక మైలు మేరలో తెలుగు పుస్తకం పుట్టే చోటు, పాఠమయ్యే చోటు, చివరకు కాలిబాట మీద రెండవసారి అమ్ముడుపోయే చోటు మూడూ ఉన్నవి.

మొదట చెప్పవలసినది సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". 1949లో వెలువడిన ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి గ్రంథం ఇదే. అప్పటికి రచయిత జీవించి లేరు. రాజుల యుద్ధాలు, పట్టాభిషేకాలే చరిత్ర కాదని, ప్రజలు ఏమి తిన్నారో, ఏమి కట్టుకున్నారో, ఏ ఆటలు ఆడుకున్నారో చెప్పేదే చరిత్ర అని ఆయన నమ్మారు. కాని ఆ ప్రజలు తమ చరిత్రను తాము వ్రాసి పెట్టలేదు. అందుకని ఆయన కావ్యాలను తవ్వారు. క్రీడాభిరామంలోనుండి ఓరుగల్లు వీధులను, పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని, హంసవింశతిలోనుండి వృత్తులవారి పనిముట్లను బయటకు తీశారు. మనం ఛందస్సుకోసమో, అలంకారంకోసమో చదివిన పద్యంలో ఆయన కుమ్మరి సారెను, సాలెవాని మగ్గాన్ని చూచారు. ఎం.ఏ. తరగతిలో ప్రబంధాలు బోధించే ప్రతి అధ్యాపకుడూ ఈ పుస్తకాన్ని పక్కన పెట్టుకోవాలి.

అయినా మన ప్రశ్న వేసి చూస్తే దీని హద్దు తెలుస్తుంది. కుమ్మరిని గురించి ఇక్కడ సాక్ష్యమిస్తున్నది కుమ్మరి కాదు, కవి. ఆ కవికి కుమ్మరి ఎంత కనబడ్డాడో అంతే మనకు దక్కింది. ప్రతాపరెడ్డిగారి పరిశ్రమను ఇది తక్కువ చేయదు. మూతబడిన నోళ్ళ జాడలను పరుల మాటలలోనుండి ఏరవలసి వచ్చిన దుస్థితి మన చరిత్రది.

ఆయన సంపాదకత్వం వహించిన గోలకొండ పత్రికలోనే ప్రూఫులు దిద్దిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. హోటల్లో సర్వరుగా పనిచేసి, సొంతంగా చదువు సంపాదించుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను చేతబట్టుకొని జనం దగ్గరకు తీసికొనిపోయి అమ్మినవాడు. 1955లో వచ్చిన ఆయన "ప్రజల మనిషి" ఈ యేడు నేను రెండవసారి చదివాను. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, ఎదురుతిరిగిన కంఠీరవం, నిజాం రాజ్యంలోని వెట్టి - ఇదీ ఇతివృత్తం. మా తరగతిలో ఒక విద్యార్థి, "ఇందులో ఉపన్యాసాలు ఎక్కువ గదా సార్" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. కంఠీరవం ప్రసంగించే పుటలలో నవల నడక మందగిస్తుంది. కాని దొర అధికారం ఎట్లా నడుస్తుందో చూపించే పుటలను చదవండి. భూమి ఎట్లా చేతులు మారుతుంది, ఏ కులంవాడు ఏ వెట్టి చేయాలి, ఎవరి నోరు ఏ భయంతో మూతబడుతుంది - ఇవి ఊహించి వ్రాసిన సంగతులు కావు. పీడన క్రూరమని చెప్పడం తేలిక. అది రోజువారీ పనిగా ఏ పద్ధతిలో సాగుతుందో చెప్పాలంటే దాని కింద బ్రతికి ఉండాలి, లేదా బ్రతికినవారి పక్కన నిలబడి ఉండాలి.

ఆయన కథల సంపుటి "జైలు లోపల" ఇంకొక అడుగు ముందుకు వేసింది. తాను రాజకీయ ఖైదీ అయి ఉండి, తనను గురించి గాక దొంగతనానికో హత్యకో శిక్షపడిన మామూలు ఖైదీలను గురించి వ్రాశారు. "పరిసరాలు", "అవకాశమిస్తే", "విధిలేక" అన్న కథల పేర్లే ఆయన నేరాన్ని ఎక్కడ వెదికారో చెబుతున్నవి. జైలుకు పోయిన నాయకులు ఆత్మకథలు వ్రాసుకోవడం వింత కాదు. పక్క గదిలోని దొంగ చెప్పిన మాటను శ్రద్ధగా విని కథ చేయడం అరుదు. 1961లో ఆయన కన్నుమూశారు. "ప్రజల మనిషి"కి కొనసాగింపుగా తలపెట్టిన "గంగు" పూర్తి కాలేదు.

దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు"లో మాట నేరుగా పాత్రల నోటికి వచ్చింది. 1977లో సినిమాగా కూడా వచ్చిన ఈ నవల పోలీసు చర్యకు పూర్వపు తెలంగాణ పల్లెను చూపుతుంది. పెండ్లికూతురితోపాటు అరణంగా వచ్చి, దొర ఇంట దాసిగా బ్రతికే ఆడబాపను గురించి చరిత్ర పుస్తకాలలో ఒక వాక్యం దొరకడం కష్టం. ఇక్కడ ఆమె కదలాడే మనిషి. పాత్రలు తమ ఊరి తెలుగు మాట్లాడతాయి. ఆ భాషను నవ్వించడానికి మాత్రమే వాడే రోజులలో, దుఃఖానికీ కోపానికీ గౌరవానికీ అదే భాషను వాడడం సామాన్యమైన పని కాదు. అయితే కథ చెప్పే రచయిత మాత్రం పత్రికల తెలుగులోనే చెబుతాడు. రెండు తెలుగుల నడుమ ఒక గడప మిగిలింది. రచయిత ఇటు, పాత్రలు అటు.

ఆ గడప లేని పుస్తకం ఈ యేడు నన్ను అన్నింటికంటే ఎక్కువగా కదిలించింది. అది స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన "మనకు తెలియని మన చరిత్ర". 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న జీవితకథలు ఇవి. విసునూరు దేశముఖును ఎదిరించి తన పంటను నిలుపుకొన్న చాకలి ఐలమ్మ, తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం, హైదరాబాదు నగరంలో ఉర్దూ అభ్యుదయ వర్గాల మధ్య మెలగిన జమాలున్నీసా బాజీ ఇందులో మాట్లాడతారు. అడవిలో దళంతో తిరుగుతూ కన్నబిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చిన కమలమ్మ మాట్లాడుతుంది.

వామపక్ష పాఠకులమైన మనకు ఈ పుస్తకం సుఖమైన పఠనం కాదు. దొరను, నిజామును, రజాకార్లను వేలెత్తి చూపే పుస్తకం చదివి మనం నిండు మనసుతో మూయవచ్చు. ఇది మన ఇంటిని కూడా చూపిస్తుంది. పోరాటంలో సమానంగా నడిచిన స్త్రీ, పోరాటం ఆగిన తరువాత ఎక్కడికి పోయింది? వంటింటికి పొమ్మన్నది ఎవరు? బిడ్డను ఇచ్చివేయమన్న నిర్ణయంలో తల్లి మాటకు ఎంత విలువ ఉండెను? ఉద్యమాన్ని ఈ స్త్రీలు నిందించి వదిలివేయలేదు. తమ జీవితంలో అవే వెలుగు ఉన్న రోజులని చెబుతూనే ఈ ప్రశ్నలు వేశారు. శత్రువు వేసిన ప్రశ్నను తోసివేయవచ్చు. ప్రాణం పెట్టి వెంట నడిచినవారు వేసిన ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. నాయకులు వ్రాసిన పోరాట చరిత్రలను పక్కన పెట్టుకొని దీనిని చదివితే, తరగతిలో ఒక నెల చర్చకు సరిపడే పాఠం అవుతుంది.

"ఇవి ముఖాముఖిలో చెప్పిన మాటలు గదా, సాహిత్యమెట్లా అవుతుంది?" అని సహాధ్యాపకులు ఒకరు అడిగారు. వాక్యం ఎక్కడ ఆగింది, ఏ సంగతి దగ్గర గొంతు మారింది, ఏది చెప్పకుండా దాటవేశారు - ఇవన్నీ ఇందులో ఉన్నవి. వీటిని గమనించడమే సాహిత్య పఠనమైతే, దీనిని వెలుపల నిలబెట్టడానికి కారణం లేదు.

మాట ఎవరిది అన్న ప్రశ్నను మరీ ఇరుకుగా పట్టుకొనే ప్రమాదం కూడా ఉన్నది. పోరాడేవాడు పోరాటాన్ని గురించే మాట్లాడాలని శాసించడం అటువంటిది. దానికి విరుగుడుగా మఖ్దూం మొహియుద్దీన్‌ను చదివాను. కార్మిక నాయకుడు, 1952 ఉపఎన్నికలో హుజూర్‌నగర్ నుండి శాసనసభకు గెలిచినవాడు, 1944లో "సుర్ఖ్ సవేరా" ప్రచురించిన కవి. ఎర్ర ఉదయాన్ని పాడిన ఆ నోరే మల్లెపందిరి కింద ప్రేమను కూడా పాడింది. "బిసాతె రఖ్స్"కు 1969లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ యేడే ఆగస్టులో ఆయన మరణించారు. ఆయన సమాధి నాంపల్లిలోనే, షా ఖామోష్ దర్గా ఆవరణలో ఉన్నది. ఆ దారిన నిత్యం నడిచే తెలుగు విద్యార్థులకు ఆయన ఒక భవనం పేరుగా తెలుసు, కవిగా తెలియదు. నేను తెలుగు లిపిలోకి దించిన ఉర్దూను, పక్కన అర్థాన్ని పెట్టుకొని చదివాను. లిపి రాకపోవడం పెద్ద అడ్డంకి కాదని, ఇద్దరు మిత్రులు పక్కన కూర్చొని చదివితే అది తొలగిపోతుందని నా అనుభవం.

ఇక చివరి సంగతి. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ శాసనసభ బిల్లు ఆమోదించింది. రెండూ సంతోషించదగినవే. కాని పేరు ద్వారం మీదికి ఎక్కినంత తేలికగా మాట తరగతిలోకి రాదు. ఐలమ్మ పేరున్న ద్వారంగుండా లోపలికి పోయే అమ్మాయి, ఐలమ్మ తన నోట చెప్పిన కథను ఒక్కసారైనా చదువుతుందా? ప్రతాపరెడ్డి పేరున్న చోట కావ్యాన్ని ఆయన చదివినట్లు చదవడం నేర్పుతారా? ఈ పనిని ప్రభుత్వం చేస్తుందని కూర్చోనవసరం లేదు. పాఠ్యప్రణాళికలో లేని పుస్తకాన్ని చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒకటే. నెలకొక ఆదివారం విద్యార్థులను వెంటబెట్టుకొని ఆబిడ్స్ కాలిబాటలకు పొండి. పునర్ముద్రణ లేని తెలుగు పుస్తకం కంటబడితే కొనండి, పేరు రాసి పెట్టండి, దానిని కలిసి చదవండి. అక్కడితో ఆగకుండా, ముప్ఫయి ఏళ్ళుగా అదే రాళ్ళమీద పుస్తకాలు పరిచి అమ్ముతున్న మనిషి దగ్గర, నాంపల్లి స్టేషనులో బరువులు మోసే హమాలీ దగ్గర కూర్చొని, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొని రండి. వచ్చే యేడు ఇటువంటి వ్యాసం వ్రాసేవారు ఆ నోటు పుస్తకాలను కూడా తమ జాబితాలో చేర్చుకోవాలని నా కోరిక.