ఉక్కపోతలో చప్పట్లు

మనలో చాలామందికి 1998 ఏప్రిల్ 22 జ్ఞాపకం కాదు, యూట్యూబ్ వీడియో. షార్జాలో ఆస్ట్రేలియా మీద టెండూల్కర్ కొట్టిన 143. మధ్యలో ఇసుక తుఫాను, అవతలి ఎండ్‌లో మన హైదరాబాద్ లక్ష్మణ్. ఆ మ్యాచ్ ఇండియా ఓడిపోయిందన్న సంగతి కూడా చాలామందికి గుర్తుండదు. ఫైనల్‌కి వెళ్లడానికి కావలసిన పరుగులు వచ్చేశాయి, అది చాలు. నన్ను మాత్రం ఆ వీడియోలో బ్యాటింగ్ కంటే ఆ విరామమే ఎక్కువ పట్టుకుంటుంది. ఊరి గాలి ఎవర్నీ అడక్కుండా మైదానంలోకి వచ్చేసి, లెక్కే మార్చేసింది: 50 ఓవర్లలో 285 కాస్తా 46 ఓవర్లలో 276 అయింది. ఎడారి ఆ రోజు ప్రేక్షకురాలు కాదు, పాత్ర.

ఆ తర్వాత గల్ఫ్ నగరాలు కట్టుకున్న వేదికలన్నీ ఆ పాత్రని కథలోంచి తీసేయడానికి చేసిన ప్రయత్నాలే అనిపిస్తుంది నాకు. దుబాయ్ క్రికెట్ స్టేడియంలో కప్పు అంచు చుట్టూ బిగించిన దీపాలని 'రింగ్ ఆఫ్ ఫైర్' అంటారు. అసలు నిప్పు చాలని ఊళ్లో ఆ పేరెందుకు పెట్టారో! ఖతార్ కోసమైతే 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్పునే ఏకంగా వేసవి నుంచి నవంబర్, డిసెంబర్‌లకి జరిపారు. అయినా ఎనిమిది స్టేడియాల్లో ఏడింటికి చల్లగాలి ఏర్పాటు చేసుకున్నారు.

దుబాయ్ వేడి గురించి మన ఊహ తప్పుగా ఉంటుంది. రామగుండం వడగాలి లాంటిది అనుకుంటాం. కానీ అది సముద్రం పక్క ఎడారి. సెప్టెంబర్ రాత్రి అక్కడి గ్యాలరీలో కూచుంటే తెలిసేది వడగాలి కాదు, విశాఖ ఉక్కపోత. చెమట ఆరదు. చొక్కా వీపుకి అంటుకుని అలాగే ఉంటుంది. జనం చప్పట్లు కూడా పొదుపుగా కొడతారు. వికెట్ పడితే ఒక్కసారి అరిచి మళ్లీ కూలబడిపోతారు. ఫోర్లకీ సిక్సులకీ ఊపమని ఇచ్చిన అట్టలు పదో ఓవర్‌కల్లా విసనకర్రలైపోతాయి. టీవీలో ఇదేదీ కనిపించదు. టీవీ వాళ్లకి వాతావరణం అంటే మంచు పడుతుందా, బంతి తడుస్తుందా, అంతే.

2025 ఆసియా కప్ తీసుకుందాం. వేడి కారణంగా దాదాపు అన్ని మ్యాచ్‌లనీ ఓ అరగంట వెనక్కి జరిపి, అక్కడి సమయం ప్రకారం సాయంత్రం ఆరున్నరకి పెట్టారు. మంచి పనే. ఒక్క మ్యాచ్ మాత్రం మధ్యాహ్నం నాలుగింటికి మొదలైంది: సెప్టెంబర్ 15న అబుదాబిలో యూఏఈ, ఒమన్ ఆడింది. రోజుకి రెండు మ్యాచ్‌లు పెట్టాల్సి వచ్చినప్పుడు ఎండ ఎవరి వాటాకి పోయిందో చూడండి. టోర్నీ అంతా వేడిని ఎలా తప్పించాలా అని ఆలోచించినవాళ్లు, తప్పించలేని ఆ ఒక్క పూటని చిన్న జట్లకి ఇచ్చేశారు. నేను చదివినంతలో ఏ మ్యాచ్ రిపోర్టూ దాన్ని విషయంగా పట్టించుకోలేదు.

ఇంకో సంగతి. యూఏఈలో ఆరుబయట పనిచేసేవాళ్లకి జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకూ ఎండలో పని నిషేధం. అంటే ఆ మ్యాచ్ జరిగిన రోజే ఆ ఏడాది నిషేధానికి చివరి రోజు. మర్నాటి నుంచి క్యాలెండర్ ప్రకారం ఎండ తగ్గినట్టు లెక్క. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల నుంచి వెళ్లినవాళ్లని అడిగితే ఆ లెక్క సంగతి చెప్తారు.

ఇక సంగీతం. 2019లో తెరిచిన దుబాయ్ కోకాకోలా అరీనాలో పదిహేడు వేల మంది పడతారు, అంతా ఏసీ. అక్కడ కచేరీకి వెళ్తే తోడుగా స్వెటర్ ఉండాలి. సౌండ్ బాగుంటుంది, సీట్లు బాగుంటాయి. ఒప్పుకుంటాను. కానీ రెండో పాటకే నేనే ఊళ్లో ఉన్నానో మర్చిపోయాను. అది లండన్ కావచ్చు, సింగపూర్ కావచ్చు. బయటికి రాగానే కళ్లజోడు అద్దాలు తెల్లగా మసకబారిపోయాయి. తుడుచుకునేదాకా ఏమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మొత్తంలో దుబాయ్‌ది అనదగ్గది అదొక్కటే.

ఏసీ వేడిని చంపదు, బయటికి నెడుతుంది. హాలు లోపలి వెచ్చదనమంతా గోడ అవతల గుమ్మరిస్తుంది. అక్కడ ఉండేది పార్కింగ్ చూసే మనిషి, టాక్సీ నడిపే మనిషి, బండి మీద పార్సిల్ పట్టుకుని లొకేషన్ వెతుక్కునే కుర్రాడు. కచేరీని రివ్యూ చేసేటప్పుడు లైటింగ్ గురించి పేరా రాస్తాం. ఈ గోడ అవతలి సంగతి రివ్యూ పరిధిలోకి రాదంటాం. ఎందుకు రాదు? ఆ చల్లదనం లేకపోతే వేసవిలో ఆ షో లేదు. అంటే అది షోలో భాగమే.

అలాగని షార్జా ఉక్కపోతని పొగిడి, అదే అసలైన అనుభవం అని రాయడం నాకు ఇష్టం లేదు. పొద్దున్నుంచీ ఎండలో నిలబడినవాడు సాయంత్రం కాస్త చల్లగా కూచుని పాట వినాలనుకుంటే తప్పేముంది? చెమటని కవిత్వం చేసేది ఎక్కువగా చెమట పట్టనివాళ్లే. నా ఇష్టం వేరే కారణానికి. షార్జా స్టేడియం ఊరి మధ్య, అపార్ట్‌మెంట్ల పక్కన ఉంటుంది. దుబాయ్ స్పోర్ట్స్ సిటీకి మెట్రో కూడా లేదు. టెండూల్కర్ తన పుట్టినరోజున 134 కొట్టిన 1998 ఫైనల్ శుక్రవారం జరిగింది, అప్పట్లో అక్కడ అందరికీ సెలవు రోజు. ఆ గ్యాలరీలో జెండాలూపినవాళ్లలో చాలామంది ఆ వారమంతా అదే వేడిలో పనిచేసినవాళ్లే అయ్యుంటారు. ఆ పాత వీడియోలో కెమెరా వాళ్ల మీద రెండు మూడు సెకన్లు మాత్రమే నిలుస్తుంది. నేను అక్కడ పాజ్ చేసి చూస్తుంటాను.